మూడాకుల తీగ

ముందు ఆకులు లెక్కపెట్టు, అన్నాడు వెండెల్.
ఐదుంటే వదిలెయ్, అది సాధుజీవి,
గోడెక్కి ఊరికే ఎర్రబడుతుంది.
మూడుంటే మాత్రం
చేతులు వెనక్కి కట్టుకుని
దూరం నుంచే పలకరించు.

అచ్చం మారేడు దళం,
ఏ దేవుడి నెత్తికీ ఎక్కనిది.
నడిమి ఆకుకి కాస్త పొడుగు కాడ,
పక్క ఆకులకి ఒకవైపే చిన్న నొక్కు,
ఉన్ని తొడుగులో బొటనవేలు విడిగా ఉన్నట్టు.
మే నెలలో కొత్తగా నూనె రాసిన జుట్టులా మెరుస్తుంది.
ఆ మెరుపు చూసే
ఈ ఇంటికొచ్చిన మొదటి ఏడు
గుత్తిగా కోసి, సీసాలో నీళ్ళు పోసి
భోజనాల బల్ల మీద పెట్టుకున్నాను.

పది రోజులు కళ్ళు తెరుచుకోలేదు.

మామిడి తొడిమలో చిమ్మే జీడికి
దూరపు చుట్టమట ఇది.
చుట్టరికం చర్మం మీదే తేలుస్తుంది.

వెండెల్ ప్రూయిట్ మస్కింగం నది వెంట
ముప్పైనాలుగేళ్ళు టెలిఫోను స్తంభాలెక్కిన మనిషి.
స్తంభం కనపడనంతగా అల్లుకున్న తీగల్ని
ఒట్టి చేతుల్తో పీకేవాడట.
"నన్ను పట్టదది" అంటాడు,
కొందరు జలుబు గురించి చెప్పినట్టు.

వానపడ్డ మర్నాడు లాగాలి, వేరు మెత్తగా వస్తుంది.
చెట్టెక్కిన ముదురు తీగకి గొంగళి నూగు,
దాన్ని లాగకూడదు, మొదట్లో రంపంతో కోసి
పైన దాని చావు దాన్ని చావనివ్వాలి.
ఆకులన్నీ రాలిన జనవరిలో కూడా
ఆ నూగు కరుస్తుంది.
తగలబెట్టకు, తల్లీ.
పొగ లోపలికెళ్ళి ఊపిరితిత్తులకి దద్దుర్లు తెస్తుంది.
చన్నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు,
బురద వదిలించినట్టు రుద్దు.
పార, కత్తెర, బూటు తాళ్ళు కూడా.
నేను కాగితం మీద రాసుకుంటుంటే
రాసుకోకు, చూడు, అన్నాడు.

పోయిన జులైలో ఒక సాయంత్రం
నా అరుగు మెట్ల దగ్గర నిలబడ్డాడు
రెండు చేతులూ చొక్కా కింద దాచుకుని.
చూపించమంటే
వేళ్ళ సందుల్లో నీటి బుడగలు,
మణికట్టు దగ్గర గీసినట్టు ఆగిపోయిన ఎరుపు.
"ఈ ఏడు ఆ తీగ జోలికే పోలేదు" అన్నాడు,
"మోకాలి ఆపరేషనయ్యాక వంగిందెప్పుడు?
టమాటా మొక్కలకి కర్రలు కట్టానంతే."

ఒట్టి చేతుల్తోనా, అని అడిగాను.
ఎదురింటి పిల్ల సైకిల్ మీద
వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది.

షెడ్డులో మేకుకి వేలాడుతున్న
పసుపు తోలు తొడుగులు.
కోరిన్‌వి.
సగం వేళ్ళే పట్టాయట ఆయనకి.
కంచె పొడవునా ఆ తీగంతా ఆమే పీకింది,
నాలుగు వసంతాల కిందట,
ఆకులు రాలేలోగా తనూ లేదు.
ఈయన నల్లకోటు వేసుకున్నాడు, విప్పాడు,
మంచం ఎడమవైపుకి జరిగాడు.
తోలులో ఆ నూనె మాత్రం
ఆరలేదు.

పారేయండి, అన్నాను. ఉతికినా నమ్మలేం.
"ఎడమ చూపుడు వేలు చిరిగితే
ఊదా దారంతో కుట్టింది" అన్నాడు,
మందేదో అడుగుతున్న గొంతుతో.
తర్వాత అడిగాడు:
ఎన్నాళ్ళుంటుందది?

కొన్నేళ్ళు, అన్నాను.
కొన్నంటే?
తెలీదు వెండెల్.

తల ఊపాడు.
గోక్కోకూడదని నాకు నేర్పినవాడే
మెట్టు అంచుకేసి మణికట్టు
మెల్లగా, కళ్ళు మూసుకుని, రుద్దుకున్నాడు.

ఇవాళ రంపం అడగడానికెళ్ళాను.
తొడుగులు మేకుకే ఉన్నాయి,
పైన తెల్లటి టేపు ముక్క మీద
స్తంభాల మీద రాసే పెద్దక్షరాల్లో:
ముట్టవద్దు.

కంచె కింద ఎర్రగా, వేలెడంత,
మళ్ళీ మూడు.